కెటిల్ చెట్టుదాకా

కాపర్ వెల్స్, నెవాడా
2009 ఏప్రిల్ 5

చెల్లీ వెర్లీనూ,

ముందు కుశలాలు. నీ తుంటి నొప్పి ఎలా ఉంది? పక్కింటి వాళ్ళ కోడిపుంజు ఇంకా బతికే ఉందా, నువ్వే పీక పిసికేశావా? మేం బాగానే ఉన్నాం. కుశలాలు అయిపోయాయి. ఇక ఒళ్ళు మండే సంగతి విను.

భూముల ఆఫీసు వాళ్ళు కొత్త మ్యాపు ముసాయిదా అచ్చేసి లైబ్రరీలో బల్ల మీద పరిచారు. ఇకమీదట మ్యాపులో గీత ఉన్న దారిలోనే మోటారు బండి తిరగాలట. గీత లేదంటే దారి లేనట్టే. కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చూశాను. మన కెటిల్ దారి లేదు! గట్టు కింది నుంచి సోల్జర్ ఊట పచ్చిక దాకా గీత వచ్చి, అక్కడ ఠక్కున ఆగిపోయింది. అక్కడి నుంచి మన పైన్ గింజల తోపు దాకా ఉన్న రెండు మైళ్ళూ ఉత్త తెల్ల కాగితం.

నాన్న మనిద్దరినీ పాత జీపులో వెనక కుదేసుకుని తీసుకెళ్ళిన దారి అది. తోపులో చెట్టుకు ఆ కాఫీ కెటిల్‌ని కట్టింది కూడా ఆయనే. ముందు చేరిన వాళ్ళు కాఫీ కాచాలి, వెనక చేరిన వాళ్ళు మాట పడాలి. అరవై ఏళ్ళుగా ఇదే కదా మన సెప్టెంబరు. అదంతా ఇప్పుడు తెల్ల కాగితమట.

మీ వదిన సంగతి నీకు తెలుసు. ఈ చలికాలం నుంచి చేతికర్ర కూడా పనికిరావట్లేదు, చక్రాల కుర్చీయే. అయినా గింజల రోజుల్లో రేవాను ఇంట్లో కూర్చోబెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు. మన కొండ బండి, అదే ఆ చిన్న నాలుగు చక్రాలది, దాని పక్క సీటుకు నాలుగు పట్టీల బెల్టు బిగించి, వీపు వెనక దిండు కుట్టించాను. కూర్చుని చూసి, "రాణీగారి పల్లకీలా ఉంది, బోయీ మాత్రం ముసలాడు" అంది. బండి పోకపోతే ఆవిడ పోలేదు. నాకు కావలసింది ఆ గీత ఒక్కటే, వెర్లీనూ. అది తెప్పించేదాకా నిద్రపోను.

మన దారుల సంఘంలో పదకొండు మందిమి. కార్యదర్శిని నేనే, ఎన్నికల రోజు మీటింగుకి ఆలస్యంగా వెళ్ళాను కాబట్టి. ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పడానికి జులై పదిహేను దాకా గడువు. అందరం ఉత్తరాలు రాస్తున్నాం, నువ్వూ రాయి. టీచరమ్మవి కదా, చదివినవాడు ముక్కు చీదుకునేలా రాయి.

చెట్లను కౌగిలించుకునే నీ స్నేహితులందరికీ నా సలాములు.

మీ అన్న,
ఆర్డెన్


యూజీన్, ఒరెగాన్
2009 ఏప్రిల్ 17

అన్నయ్యా,

కోడిపుంజు బతికే ఉంది. నా కంటే ఆరోగ్యంగా ఉంది. తుంటికి ఆపరేషన్ జూన్ ఆఖర్లో అన్నారు. ఫోను చేద్దామనుకున్నాను గానీ, గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన నీ చెవికి వినపడదు, వదిన గొంతు ఇప్పుడు ఫోనులో అందదు. మనకి ఉత్తరమే దిక్కు.

ఉత్తరం రాస్తాను. కానీ నువ్వు చెప్పినట్టు మాత్రం రాయను. ముక్కు చీదించే ఉత్తరాలు వాళ్ళకి బస్తాలకొద్దీ వస్తాయి. లెక్కపెట్టి పక్కన పెడతారు. ఇరవై ఏళ్ళు మొక్కల సంఘంలో తిరిగినదాన్ని, ఈ ఆఫీసుల సంగతి నాకు తెలుసు. దారి పొడవెంత, వెడల్పెంత, ఎక్కడ రాయి, ఎక్కడ బురద, ఏ నెలలో ఎన్ని బండ్లు పోతాయి, ఇవి రాయండి. ఫోటోలు పెట్టండి. అన్నిటికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి మన దారి కాగితం అడుగు. ప్రతి దారికీ ఒక సర్వే కాగితం ఉంటుంది. ఎందుకు మూస్తున్నారో అందులో రాస్తారు. అది చదవకుండా నువ్వు ఎవరినీ తిట్టకు. నీకు ముక్కుమీదే ఉంటుంది కోపం.

వదినకి ఒళ్ళో కప్పుకునే శాలువా అల్లుతున్నాను. ఆకుపచ్చది. సగం అయింది.

ఇంకో సంగతి ఉంది. అది కాగితం మీద కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. వచ్చినప్పుడు చెప్తాను.

వదినని ముద్దాడానని చెప్పు.

వెర్లీన్


కాపర్ వెల్స్
2009 మే 2

వెర్లీన్,

నువ్వు చెప్పినట్టే ఆఫీసుకు వెళ్ళాను. ఫైలు అడిగాను, చదివాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతి నీకంటే ముందు ఆ ఫైలే చెప్పింది.

నీ మొక్కల సంఘం రాసిన ఉత్తరం అందులో ఉంది. "సోల్జర్ ఊట పచ్చికలోకి చక్రం రాకుండా మూసేయండి" అని. కింద పందొమ్మిది సంతకాలు. ఏడోది నీది. స్కూలు కాపీ పుస్తకాలు దిద్దిన ఆ చేతిరాతను నేను గుర్తుపట్టలేనా?

దాని వెనకే సర్వే కాగితం. కిందటి జూన్‌లో టియర్నీ అనే ఇరవై నాలుగేళ్ళ ఆఫీసు అమ్మాయి వచ్చి రాసింది: "దారికి అడ్డంగా దుంగలు. గడ్డీ పూలమొక్కలూ కప్పేశాయి. చక్రాల జాడ ఎక్కడా లేదు. దారి దానంతట అదే కొండలో కలిసిపోయింది. మూసివేయవచ్చు."

దుంగలేమిటి? కిందటి సెప్టెంబరులో నేను బండి నడిపిన దారి అది! అక్కడ దుంగల్లేవు, పూలమొక్కల్లేవు. మరి ఎవరు పడేశారు? కిందటి జూన్ మొదటివారంలో వ్యానులో మీవాళ్ళని పదిమందిని దింపుకుని అక్కడికి ఎవరొచ్చారు? మా ఇంటి బల్ల దగ్గర బీన్సూ మొక్కజొన్న రొట్టే తిని, పచ్చికలో చెత్త ఏరి శుభ్రం చేశామని ఎవరు చెప్పారు? అడ్డం పడేశారు, ఆ అమ్మాయికి చూపించారు, అది రాసుకుని పోయాక తీసేశారు. అంతే కదా.

పైన ఇంకా మంచు ఉంది. కరిగాక వెళ్ళి చూస్తాను. రేవాకి ఇదంతా చెప్పలేదు. నువ్వంటే ఆవిడకి ప్రాణం, ఆ సంగతి గుర్తుంచుకో.

ఆర్డెన్


యూజీన్
2009 మే 13

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివే ఓపిక లేదు.

సంతకం నాదే. మళ్ళీ పెట్టమన్నా పెడతాను. ఆ పచ్చికలో చిన్నప్పుడు మోకాళ్ళ మీద వంగి నీళ్ళు తాగాం మనం. అక్కడ చక్రం తిరగకూడదని నా నమ్మకం. దారి మొత్తం మూయమని మేం రాయలేదు, పచ్చిక మాటే రాశాం. ముందే చెప్పకపోవడం నా తప్పు. దానికి నన్ను తిట్టు, పడతాను.

దుంగలు మాత్రం నా నెత్తిన పడెయ్యకు. పాలసీసా ఎత్తితే తుంటి పట్టేస్తుంది నాకు. నాతో వచ్చిన వాళ్ళలో చిన్నామెకు అరవై ఎనిమిదేళ్ళు. మేం దుంగలు మోసి, దింపి, మళ్ళీ తీసేశామా? నీ దుంపతెగ, కాస్త ఆలోచించి రాయకూడదూ!

సర్వే ఫోటో పంపమని ఆఫీసుకు ఉత్తరం రాశాను. కాగితం ఉంటే ఫోటో కూడా ఉండాలి.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఒకవేళ దారి మూతపడితే వదినను అక్కడికి తీసుకెళ్ళడమే కావాలా? మీరంతా వెళ్ళి కొమ్మలతో సహా గింజలు తెచ్చి ఇంటి వరండాలో పోస్తే ఆవిడ కూర్చుని ఒలుచుకోవచ్చు కదా. ఆ కుదుపులు ఆవిడ ఒంటికి మంచివేనా అని భయమేస్తుంది నాకు.

వెర్లీన్


కాపర్ వెల్స్
2009 జూన్ 13

వెర్లీన్,

నీ ఉత్తరం రేవా చదివింది. నేను ఇవ్వలేదు, పోస్టుడబ్బా దగ్గరికి కుర్చీ తోసుకుంటూ తనే వెళ్ళి తెచ్చుకుంది. అంతా చదివి, మడిచి, "వరండాలో పోస్తే ఒలుచుకోవడానికి నేనేమన్నా ఉడతనా?" అంది.  

మే ముప్పైన మంచు కరిగింది. మన సంఘం వెండెల్‌ని వెంటబెట్టుకుని పైకి వెళ్ళాను. తోపుదాకా బండి సాఫీగా పోయింది. అడ్డంగా ఒక్క పుల్ల లేదు. కెటిల్ చెట్టుకే వేలాడుతోంది, అడుగున పిచ్చుక గూడు పెట్టింది. దారి పొడుగూ టేపు పెట్టి కొలిచాం. అరవై నాలుగు ఫోటోలు తీశాం. వెండెల్ షోషోనీ తెగవాడు, ఈ కొండల తొలి జనం కదా, వాడి గోల వాడిది: "మా దారి మా దారి అని మీరు కొట్టుకుంటున్నారు గానీ, మీ నాన్న జీపు రాకముందే మా నానమ్మ బుట్టతో అక్కడ కూర్చుని ఉంది. ఆవిడని అడిగి గీయమను మ్యాపు" అన్నాడు. అంటూనే టేపు రెండో చివర పట్టుకున్నాడు. మోకాలు నొప్పి ఉన్నా రెండు మైళ్ళూ పట్టుకున్నాడు.

జూన్ పదకొండున స్కూలు జిమ్నాజియంలో బహిరంగ సభ. మనిషికి మూడు నిమిషాలు. నేను లేచి ఫోటోలు చూపించి, ఆ టియర్నీ ముందు నిలబడి, "ఈ అమ్మాయి కొండ ఎక్కనే లేదు, కారులో కూర్చుని అబద్ధం రాసింది" అన్నాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మొహం కందిపోయింది. 

చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. ఇంటికొచ్చాక రేవా అడిగింది, "ఆ పిల్ల ఏమంది?" అని. ఏమీ అనలేదన్నాను. "ఏమీ అనని వాళ్ళని చూస్తే నాకు అనుమానం. సాధారణంగా వాళ్ళదే నిజం" అంది. చూడు, ఇంట్లోనే నాకు దిక్కులేదు.

ఆర్డెన్


యూజీన్
2009 జూన్ 19

అన్నయ్యా,

కూర్చున్నావా? నిలబడి ఉంటే కూర్చో.

ఫోటో వచ్చింది. నకలు ఇందులో పెట్టాను, భూతద్దం పెట్టి చూడు. ఆ పిల్ల అబద్ధం రాయలేదు. దుంగలున్నాయి. పద్నాలుగు ఉన్నాయి, లెక్కపెట్టాను. కొత్తవి కావు, బెరడు ఊడి బూడిదరంగు తేలిపోయాయి. వాటి చివర్లు చూడు, పసుపు రంగు పూత మరక. ఊళ్ళో ప్రతి దారి గుర్తుకూ మీ సంఘం వాళ్ళు పూసే పసుపు.

దుంగల వెనక, పాత దారి గాడుల వెంబడి, రెండు వరసలుగా నీలం పూలు. నీలి అవిసె. ఎవరో పనిగట్టుకుని చల్లితే తప్ప ఆ కొండ మీద అలా బండి చక్రాల వెడల్పున రెండు గీతల్లో మొలవదు. ఆ విత్తనాలు ఎవరివో తెలుసా? నావి. వదిన పెరటికని నేను సంచీలో పంపినవి.

ఆ దుంగలు నీవే, అన్నయ్యా. పదమూడేళ్ళ కిందట పచ్చికలోంచి పోయే దారిని మీరే మూసి, బండ మీదుగా కొత్తది తీశారు. నీ బుర్రలో ఆ పాత దారి అప్పుడే చచ్చిపోయింది. ఆఫీసు మ్యాపులో మాత్రం ఇంకా అదే బతికి ఉంది. పాపం ఆ అమ్మాయి వాళ్ళ మ్యాపు పట్టుకుని నడిచింది, దుంగల దగ్గర ఆగింది, ఉన్నదున్నట్టు రాసింది. నూరు గజాల వెనక మీరు మలుపు తిప్పింది ఉత్త రాతిబండ మీద. టైరు జాడ పడని చోటు చూసి మరీ తిప్పారు. ఆ పిల్లకు ఎలా కనపడుతుంది? మీరు పని అంత శుభ్రంగా చేశారు మరి.

నేను సంతకం పెట్టి అడిగింది నువ్వు పదమూడేళ్ళ కిందటే చేసి పెట్టావు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వదినతో చెప్పు, ఆవిడ ఉడతనా అని అడిగినందుకు కాదు, ఆవిడని అడగకుండా ఆవిడ సంగతి నిర్ణయించినందుకు నాది తప్పు. క్షమించమను.

వెర్లీన్


కాపర్ వెల్స్
2009 జూన్ 26

చెల్లీ,

భూతద్దం పెట్టి చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. పసుపు పూసింది నేనే. బ్రష్షు కూడా గ్యారేజీలో ఉంది.

నీ మాట పక్కన పెట్టు, ఊరందరి ముందు ఆ పిల్లని అబద్ధాలకోరు అన్నాను. తలెత్తుకోలేకపోతున్నాను. నీ విషయంలో రాసినదానికి ఏం చెప్పను, తప్పయింది, వెర్లీనూ. వంద శాతం తప్పు.

కానీ ఏడుస్తూ కూర్చోడానికి టైము లేదు. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. చిక్కు చూడు. బండ మీది దారి మేమే తీశామని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే, అనుమతి లేకుండా జనం సొంతంగా తీసిన దారి కింద లెక్క, అలాంటివన్నీ మూత అని ముసాయిదా మొదటి పేజీలోనే ఉంది. ఒప్పుకోకపోతే దారే లేదు. అప్పట్లో ఆఫీసు నుంచి ఓస్లర్ గారు వచ్చి దగ్గరుండి చూపించారు. కాగితం మాత్రం లేదు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. మా సంఘం మినిట్స్ పుస్తకంలో 1996 మొత్తం మీద నేను రాసింది ఒకే వాక్యం: "కాఫీ అయిపోయింది, కొనాలి." ఆడుతూ పాడుతూ చేసిన మంచిపని ఎవడు రాసుకుంటాడు? మేం రాసుకోలేదు. అదే మా కొంప ముంచింది.

అయినా వదలను. మొన్న ఉదయం ఆఫీసుకు వెళ్ళి టియర్నీకి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. సభలో ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగా. "సరే, హ్యాచ్ గారూ, నన్ను ఆ బండ దగ్గరికి తీసుకెళ్తారా?" అంది. జులై ఎనిమిదిన తీసుకెళ్తున్నాను. తన చేతిలో ఏముందో కూడా చెప్పింది: అప్పటి రాత ఏదైనా ఒక్కటి చూపించగలిగితే వాదించడానికి వీలుంటుందట. అప్పటిదే కావాలి, సంతకంతో.

ఎక్కడి నుంచి తేను?

ఆర్డెన్


యూజీన్
2009 జులై 1

అన్నయ్యా,

నువ్వు మినిట్స్ రాయవు. కానీ నాకు ఉత్తరాలు రాస్తావు.

చెప్పుల పెట్టెలో ఉన్నాయి నీ ఉత్తరాలన్నీ. ఇది 1996ది. అసలు కాగితమే పంపుతున్నాను, జాగ్రత్త. ఒకటే కాగితం, రెండు వైపులా రాశావు. తేదీ ముందు వైపు ఉంది, సంతకం వెనక వైపు ఉంది. వెనక ఏముందో నీకు గుర్తుందో లేదో. నేను ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు కూడా నువ్వు వద్దంటే వద్దు. నిర్ణయం నీది, ఇంకా చెప్పాలంటే వదినది.

మా సంఘం చేత ఇంకో ఉత్తరం రాయించాను. పచ్చికను కాపాడింది ఆ బండ మీది దారేనని, దాన్ని ఉంచమని. పంతొమ్మిది మందిలో పదిహేడు మంది సంతకం పెట్టారు. మిగతా ఇద్దరికీ మోటారు చప్పుడంటేనే పడదు, వాళ్ళతో తర్వాత తేల్చుకుంటాను. నా ఆపరేషన్ మూడో తారీకుకి వాయిదా వేశారు. భయం లేదు.

శాలువా పూర్తయింది.

వెర్లీన్


(ఇందులో పెట్టినది)

కాపర్ వెల్స్
1996 అక్టోబరు 13

చెల్లీ,

నడుం పోయింది గానీ పని అయింది. సోల్జర్ పచ్చికలోంచి పోయే పాత దారి మూసేశాం. మంచు కరిగే రోజుల్లో బండ్లు అడుగు లోతు గాడులు చేస్తున్నాయి, ఊటనీరంతా వాటి వెంట కిందికి పారిపోతోంది. ఆఫీసు నుంచి ఓస్లర్ గారు వచ్చి చేతికర్రతో చూపించారు, "పచ్చికకు నూరు గజాల ముందే ఎడమకు తిప్పి, ఈ బండ మీదుగా ఎక్కించండి, టైరు జాడ కూడా పడదు" అని. కాగితం కావాలా అంటే, "ముందు పని కానివ్వండి" అన్నారు. తొమ్మిది మందిమి, రెండు రోజులు, పద్నాలుగు దుంగలు. నువ్వు పెరటికని పంపిన అవిసె విత్తనాలు గాడుల్లో చల్లేశాను. తిట్టుకో.

(వెనక వైపు)

ఇది ఎవరికీ చెప్పకు. దుంగ మోస్తూ రేవా పడిపోయింది. రాయి తగిలిందని అంతా నవ్వారు, ఆవిడా నవ్వింది. అందరూ పోయాక నేను వెనక్కి వెళ్ళి చూశాను. అక్కడ రాయి లేదు, వెర్లీనూ. కాలు దానంతట అదే మడతపడింది. నాకు భయంగా ఉంది. డాక్టరు మాటెత్తితే అరుస్తుందని ఊరుకున్నాను. బహుశా అలసట అయి ఉంటుంది. అలసటే అనుకుంటాను.

ఆర్డెన్


కాపర్ వెల్స్
2009 జులై 16

చెల్లీ,

ఆపరేషన్ బాగా జరిగిందని నీ డాక్టరమ్మ రేవాకి ఫోను చేసి చెప్పింది. ముందే నడవకు. చెప్పిన మాట ఎప్పుడు విన్నావు గనక.

ఆ ఉత్తరం వచ్చిన రోజు గ్యారేజీలో కూర్చుని చదివాను. వెనక వైపు గుర్తుందా అని అడిగావు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. డాక్టరు రేవా జబ్బుకు పేరు పెట్టింది 1999లో. నాకు తెలిసింది 1996లో. మూడేళ్ళు నోరు మూసుకున్నాను. ముందే వెళ్ళి ఉంటే మందులు ముందే మొదలయ్యేవి కదా అని పదేళ్ళుగా నన్ను తినేస్తోంది.

ముందు వైపు మాత్రమే నకలు తీసి ఇస్తే? సంతకం లేని కాగితం చెల్లదు. రెండు వైపులా ఇస్తే అది ఫైల్లో పడుతుంది. ఎవరైనా అడిగి చదవొచ్చు. నేను చదవలేదా నీ సంతకం? రేవాకి ఊళ్ళో ఎవరో చెప్పేకంటే నేనే చెప్పాలి. కెటిల్ చెట్టు దగ్గర చెప్తానని నిర్ణయించుకున్నాను.

ఎనిమిదో తారీకున రేవాని పక్క సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టాను. టియర్నీ వెండెల్ బండిలో వచ్చింది. బండ దగ్గర ఆపి చూపించాం. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని రాయి తడిమి చూసింది, వెనక్కి నడిచి దుంగలు చూసింది, మళ్ళీ వచ్చింది. "ఇంత బాగా దాచిపెట్టిన దారి నేనెక్కడా చూడలేదు" అని నవ్వింది. నాకు ఆ నవ్వుతో సగం ప్రాణం వచ్చింది.

తోపు దగ్గర వాళ్ళిద్దరూ కొలతలకు పోయారు. నేను రేవా చేతిలో కాగితం పెట్టాను. ముందు వైపు చదివింది. వెనక్కి తిప్పింది. నేను బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను.

చదివి ఒళ్ళో పెట్టుకుంది. "రెండుసార్లు పడ్డాను ఆ రోజు" అంది.

"ఏమిటి?"

"రెండోసారి ట్రక్కు వెనకాల పడ్డాను. నువ్వు చూడలేదు, నేను చెప్పలేదు. నీకు తెలిసిందని కూడా నాకు తెలుసు. అరగంటసేపు రాయి కోసం వెతికావు, ఎందుకో నాకు తెలియదా? ఇద్దరం కలిసే మూడేళ్ళు దాక్కున్నాం, ఆర్డెన్. ఇప్పుడు నేరమంతా నీ ఒక్కడిదే అంటే కుదరదు. నా వాటా నాకివ్వు."

నేను ఏడ్చాను, చెల్లీ. డెబ్భై ఏళ్ళవాణ్ణి, టైరు పక్కన కూర్చుని ఏడ్చాను. రేవా కాగితం నా చేతిలో పెట్టి, "ఏడుపు అయిపోతే ఈ కాగితం ఆ పిల్లకివ్వు. రెండు వైపులా. ఊరంతా చదువుకోనీ. నాకు దారి కావాలి" అంది.

ఇచ్చాను. టియర్నీ ముందు వైపు చదివి, వెనక తిప్పి, సంతకం చూసి, తక్కిన ఏ అక్షరం మీదా కన్ను నిలపకుండా మడిచేసింది. చూశానులే, నేను గమనిస్తూనే ఉన్నాను. మంచి పిల్ల.

నిన్న సాయంత్రం నాలుగింటికి అన్నీ కలిపి ఇచ్చేశాం. కొలతలు, ఫోటోలు, నీ సంఘం ఉత్తరం, వెండెల్ వాళ్ళ నానమ్మ గురించి రాసిన పేజీ, నా ఒప్పుకోలు. ఏడాది పడుతుందట తేల్చడానికి. పట్టనీ. తేలేదాకా దారి తెరిచే ఉంటుంది. కాదంటే అప్పీలుకు పోతాం, అప్పటికి నాకు బతుకుంటే నేను, లేకపోతే వెండెల్.

ఆకుపచ్చ శాలువా రేవా ఒళ్ళో ఉంది. "క్షమించాను, కానీ రంగు బాగాలేదు" అని చెప్పమంది.

మీ అన్న


కాపర్ వెల్స్
2010 సెప్టెంబరు 26

చెల్లీ,

మ్యాపు వచ్చింది. గీత ఉంది.

సన్నటి గీత, దారి నంబరు 37. పక్కన చిన్న అక్షరాల్లో "కెటిల్" అని. ఆ పేరు ఎవరు వేయించారో నాకు తెలుసు. షరతులు ఉన్నాయి: సన్న బండ్లు మాత్రమే, జులై పదిహేను నుంచి అక్టోబరు ఆఖరు దాకా మాత్రమే, పచ్చికకు శాశ్వతంగా కంచె. ఆ కంచె స్తంభాలు పాతింది మేమే, మీ వాళ్ళు నలుగురొచ్చి తీగ లాగారు. వాళ్ళలో మోటారు చప్పుడు పడని ఆవిడ కూడా ఉంది. కొండ కిందికి దింపేటప్పుడు నా బండి ఎక్కి, గట్టిగా పట్టుకుని, "ఇంకా వేగంగా పోదా ఇది?" అంది.

ఆఖరి షరతు: సంఘం ఏటా దారి మీద చేసిన పని రాతలో ఇవ్వాలి. నాకు మినిట్స్ రాయడం రాదు. నాకు వచ్చిందల్లా నీకు ఉత్తరం రాయడమే. కాబట్టి ఇదే రాత. ముందు వైపు నకలు ఆఫీసుకు పోతుంది.

2010 సెప్టెంబరు 25, శనివారం. పదమూడు మందిమి, ఐదు బండ్లు. బండ మీద మలుపు దగ్గర పసుపు గుర్తు కొత్తగా వేశాం. రెండో మలుపులో జారిన రాళ్ళు ఆరు తొలగించాం. నీళ్ళు పోయే కాలవలు మూడు శుభ్రం చేశాం. దుంగలు పద్నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి. అవిసె ఎండి గింజ రాల్చింది. పచ్చికలో చక్రం జాడ లేదు.

ఆర్డెన్ హ్యాచ్, కార్యదర్శి

(సంతకం ఈసారి ముందు వైపే పెట్టాను. వెనక వైపు నీ ఒక్కదానికే.)

రేవా నిన్న ఒక్క గింజ కూడా ఏరలేదు, వెర్లీనూ. వేళ్ళు ముడుచుకోవడం లేదు. కాయలు తెచ్చి ఒళ్ళో పోస్తే శాలువా నిండా జిగురు. పాడైందనుకోకు, "ఇప్పుడు బాగుంది రంగు" అంది. పొద్దుట పదింటి నుంచి సీట్లో కూర్చుని అందరికీ పని చెప్పింది. "ఆ చెట్టు కాదు, దాని వెనకది. కొమ్మ విరచకు, దులుపు. వెండెల్, నీ నడుముకేమైంది, వంగు!" గొంతు లేదు, గుసగుసే. అయినా మిగతా పన్నెండు మందిమీ పరిగెత్తాం.

వచ్చే ఏడు ఆవిడ ఆ సీట్లో కూర్చోగలదో లేదో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది. ఇది నీకు రెండోసారి రాస్తున్నాను. కానీ ఈసారి నీకంటే ముందు ఆవిడకే చెప్పాను. చెట్టు కింద, చేయి పట్టుకుని, "రేవా, నాకు భయంగా ఉంది" అన్నాను.

"నాకూ ఉంది" అంది.  తర్వాత కెటిల్ వంక చూసి, "మనమే కదా ముందు చేరింది? లే, కాఫీ కాయి" అంది.

కాచాను.

ఈ కాగితం చెప్పుల పెట్టెలో పెట్టు.

ఆర్డెన్